నిండుకుంది

ఆ ఇంట్లో ప్రార్థన ఆవిడది, ఆమేన్ ఆయనది. పెళ్ళయిన కొత్తలో అలా కుదిరింది, తర్వాత ఎవరూ మార్చలేదు. వడ్డన అయ్యాక ఆవిడ తడిచేతులు తుడుచుకుని కూర్చునేది. కళ్ళు మూసుకుని, పక్కింటావిడతో గోడ మీంచి మాట్లాడినంత మామూలుగా దేవుడితో నాలుగు ముక్కలు మాట్లాడి, స్తోత్రం చెప్పేది. చివర్న ఆయన "ఆమేన్" అని కంచం దగ్గరికి లాక్కునేవాడు. ఒక్కోసారి ఆకలి దంచేస్తుంటే ఆమేన్ ముందే పడిపోయేది. "ఇంకా అవలేదండీ," అనేది ఆవిడ కళ్ళు తెరవకుండానే.

ఇప్పుడు ఆవిడ లేదు. కంచం ఉంది, కూతురు తెచ్చిన క్యారేజీలో అన్నం ఉంది. ఆయన దగ్గర ఆమేన్ కూడా ఉంది. దాన్ని దేని చివర తగిలించాలో తెలియక కూర్చున్నాడు.

ఆయన్ని అందరూ మేస్త్రి అంటారు. బేకరీలో ఓవెన్ దగ్గర పని. పిండి కలిపించడం, తడిగుడ్డ కప్పి పొంగనివ్వడం, ఓవెన్ తలుపు దగ్గర అరచెయ్యి పెట్టి వేడి చూడడం, ట్రేలు లోపలికి తొయ్యడం. వయసంతా ఆ వేడి ముందే గడిచింది. చుట్టుపక్కల వీధుల్లో పొద్దున్నే లేచినవాళ్ళు తినే రొట్టె చాలామటుకు ఆయన చేతి మీదుగా వెళ్ళిందే. అలాంటి మనిషికి ఇప్పుడు తన ముందున్న మెతుకు ముట్టుకోవడం చేతకావడం లేదు.

ఆ ఇంట్లో ఉన్న నియమం ఒక్కటే. స్తోత్రం చెప్పకుండా ముద్ద నోట్లో పెట్టకూడదు. మాటలు రాక కాదు. అన్నేళ్ళు పక్కన కూర్చుని విన్నాడు, నిద్రలో లేపి అడిగినా అప్పజెప్పగలడు. కానీ లోపల లేనిది పైకి అంటే అది అబద్ధమవుతుంది. మనుషుల దగ్గర ఆడిన అబద్ధాలే సరిగ్గా నిలబెట్టుకోలేకపోయాడు, ఇక దేవుడి దగ్గర ఏం నిలబెడతాడు. అందుకని మూత తియ్యకుండానే క్యారేజీ తీసుకెళ్ళి వీధి చివర వాచ్‌మన్‌కి ఇచ్చేవాడు. అతను తిని, శుభ్రంగా కడిగి తెచ్చి ఇచ్చేవాడు.

ఒంటికి మాత్రం ఆకలి ఆగదు. దానికి మేస్త్రి ఒక దారి కనిపెట్టాడు. బేకరీలో ఓవెన్ వెనక నిలబడి, వంకరపోయి అమ్మకానికి పనికిరాని బన్నులు తినేవాడు.

"ఏమన్నా, గుర్రంలా నిలబడి తింటున్నావు?" అని అడిగింది ప్యాకింగ్‌లో పనిచేసే ఆమె. మేస్త్రితో పాటే ముసలిదైపోయిన మనిషి, నోరు మాత్రం ముసలిది కాలేదు.

"పనుంది."

"పని నాకూ ఉంది, నేను కూర్చునే తింటున్నాగా. మోకాళ్ళు వంగడం లేదా, బన్ను పారిపోతుందని భయమా?"

"నిలబడి తింటే అది భోజనం కాదమ్మా."

"మరేంటట?"

"రుచి చూడడం. పనిలో భాగం."

ఆమె అతని చేతిలో బన్ను వంకా, ఖాళీ అయిన ట్రే మూల వంకా చూసింది. "అన్ని బన్నులు రుచి చూసినా తేలలేదా, ఉప్పు సరిపోయిందో లేదో?" అంది. అతను నవ్వలేదు. ఆమె కాలితో స్టూలు అతని వైపు జరిపి తన పని చేసుకుంది. స్టూలు అలాగే ఉంది, మేస్త్రి కూర్చోలేదు. కూర్చుంటే అది భోజనమైపోతుంది. భోజనమైతే స్తోత్రం చెప్పాలి.

*

ఆయన స్తోత్రానికి అడ్డం పడింది ఒక మాట. పెళ్ళయి నెల తిరక్కుండానే మొదలైంది ఆ మాట గొడవ.

మేస్త్రి పెరిగింది తల్లీదండ్రీ లేని పిల్లల హాస్టల్లో. గంట కొడితే కంచం పట్టుకుని వరసలో నిలబడాలి, కంచంలో పడింది తినాలి. ఇంట్లో సరుకులెలా ఉంటాయో, అయిపోతే ఇల్లాళ్ళు ఏమని చెప్పుకుంటారో వినే అవకాశం అతనికి రాలేదు. ఓ రోజు పనికి బయల్దేరుతుంటే కొత్త పెళ్ళాం గుమ్మం దాకా వచ్చి, "ఏవండీ, బియ్యం నిండుకున్నాయి," అంది.

"మంచిది," అన్నాడు.

ఆవిడ వింతగా చూసింది. "మంచిదేంటండీ, నిండుకున్నాయంటుంటే."

"సంతోషం అంటున్నా."

బియ్యం డబ్బా నిండుగా ఉందని గుమ్మం దాకా వచ్చి చెప్పే పెళ్ళాం దొరికిందని ఆ రోజంతా హుషారుగా పిండి పిసికాడు. మధ్యాహ్నం ఇంటికొచ్చేటప్పుడు చేతిలో వంకరపోయిన రొట్టె ఒక్కటే ఉంది, అది కూడా ముచ్చటకి తెచ్చాడు. పొయ్యి మీద ఎసరు మరిగి మరిగి సగమైపోయింది.

"బియ్యం ఏవండీ?"

"డబ్బాలో ఉన్నాయిగా."

ఆవిడ డబ్బా తెచ్చి ఆయన ముందు బోర్లించింది. ఒక్క గింజ కూడా రాలలేదు.

"నిండుకున్నాయన్నావు కదే?"

అప్పుడు అర్థమైంది ఆవిడకి. నేల మీద చతికిలబడి, డబ్బా ఒళ్ళో పెట్టుకుని నవ్వింది. ఊపిరి తీసుకుంటూ, "మీ హాస్టల్లో అయిపోతే ఏమనేవాళ్ళండీ?" అని అడిగింది.

"అయిపోయిందని మాకు చెప్పేవాళ్ళు కాదు. ఆ పూట గంజి పల్చగా ఉండేది, అంతే."

ఆ మాటతో ఆవిడ నవ్వు ఆగింది. కాసేపు ఆయన మొహంలోకి చూసి, నెమ్మదిగా చెప్పింది. ఇంట్లో లేదు, అయిపోయింది అని అనరు. వాళ్ళమ్మ అనేది కాదు, అమ్మమ్మా అనేది కాదు. ఖాళీ అయితే నిండుకుంది అంటారు.

"ఖాళీ డబ్బాని నిండిందంటే అబద్ధం కాదూ?"

"ఎవరితో అబద్ధం? డబ్బాకి తెలుసు, దేవుడికి తెలుసు. తెలియంది మీకొక్కరికే."

ఆ పూట వంకర రొట్టె ముందు కూర్చుని ఆవిడ కళ్ళు మూసుకుంది. "బియ్యం నిండుకున్నాయి తండ్రీ, స్తోత్రం. రొట్టె పంపించావు, స్తోత్రం. ఈయనకి మాటలు నేర్పించు," అంది. ఆయన నవ్వాపుకోలేక ఆమేన్ మింగేశాడు.

అప్పట్నుంచి ఆ ఇంట్లో అవి చెప్పుల జత లాంటి మాటలైపోయాయి. నూనె నిండుకుంది, స్తోత్రం. సబ్బు నిండుకుంది, స్తోత్రం. ఒకటి లేకుండా ఇంకొకటి బయటికొచ్చేది కాదు.

స్తోత్రం చెప్పగానే ఎవరో తలుపు తట్టి బస్తా దించి వెళ్ళేవారా అంటే, లేదు. అలాంటి సాక్ష్యాలు మందిరంలో చాలా విన్నారు గానీ ఈ ఇంటి ముందు ఎవరూ బస్తా దించలేదు. ఓసారి బేకరీ ఓనరు జీతంలో ముందుగా ఇచ్చేవాడు. ఓసారి పక్కింటావిడ గ్లాసుడు బియ్యం గోడ మీంచి అందించేది. ఓవెన్ పాడై బేకరీ మూతపడిన రోజుల్లో ఒక పూట ఏదీ రాలేదు. పసిపిల్ల ఏడ్చి ఏడ్చి నిద్రపోయింది. ఆ పూట ఆవిడ మంచినీళ్ళకి స్తోత్రం చెప్పింది. మేస్త్రి ఆమేన్ అన్నాడు గానీ, అది ఇంటి కప్పు దాటిందని ఆయనకే నమ్మకం లేదు.

ఆ రోజుల్లోనే ఆయనకి కోపమొచ్చింది. "ఎప్పుడూ ఈ పూటకి ఇయ్యి, ఈ పూటకి ఇయ్యి అంటావేంటే? అడిగే నోరు ఎలాగూ తెరిచావు కదా. రేపటికి, ఎల్లుండికి కూడా కలిపి అడగొచ్చుగా, పోయేదేముంది?"

"రేపటిది రేపడుగుతా," అంది ఆవిడ. "అన్నీ ఇవాళే అడిగేస్తే రేపు ఆయనతో ఏం మాట్లాడను? ఏదో ఒకటి ఉండాలి కదండీ."

ప్రభువు నేర్పిన ప్రార్థనలోనూ అడిగేది ఆ రోజు తిండే కదా అని సర్దుకున్నాడు మేస్త్రి.

*

తర్వాత చాలా ఏళ్ళకి, కూతురికి పెళ్ళై ఆ పక్క వీధిలోనే కాపురం పెట్టాక, ఆవిడకి కడుపులో ఏదో మొదలైంది. ముందు తిండి సహించలేదు, తర్వాత తిండి వాసన సహించలేదు. ఆస్పత్రిలో కిటికీ పక్కన మంచం ఇచ్చారు. పూట పూటకీ ఒక కప్పులో జావ వచ్చేది. మేస్త్రి చెంచాతో పట్టుకుంటే ఆవిడ ముందు కళ్ళు మూసుకుని స్తోత్రం చెప్పేది. తర్వాత ఒక చెంచా నోట్లో పెట్టుకుని, మింగలేక, గుడ్డలోకి వదిలేసేది.

"మింగలేని జావకి స్తోత్రం ఏంటే?" అన్నాడు ఒకసారి.

"ఇవ్వడం ఆయన పని, మింగడం నా పని. ఆయన పని ఆయన చేశాడుగా," అంది. కాస్త ఆగి, "చల్లారిపోతోంది, మీరు తాగేయండి," అంది.

ఆ రోజుల్లోనే మేస్త్రి మొదటిసారి సొంతంగా ప్రార్థన చెయ్యడం మొదలుపెట్టాడు. వరండా చివర కుళాయి దగ్గర కప్పు కడుగుతూ, పెదాలు కదపకుండా అడిగేవాడు. ఈ పూటకి దాన్ని ఉంచు తండ్రీ. అంతకన్నా అడిగేవాడు కాదు. ఒకసారి రేపటికి కూడా అనబోయి నాలిక కరుచుకున్నాడు. ఆవిడ నేర్పిన పద్ధతి అది కాదు. పొద్దున్న అడిగేవాడు, సాయంత్రం దాకా ఆవిడ ఉండేది. సాయంత్రం అడిగేవాడు, తెల్లారేసరికి ఉండేది. అడగడం ఇంత తేలికని తెలియక ఇన్నాళ్ళూ ఆమేన్‌తో సరిపెట్టుకున్నానే అనుకున్నాడు.

ఒక మధ్యాహ్నం ఆవిడ జావ మింగింది. ఒక చెంచా మింగి, ఇంకోటి అడిగి మరీ మింగింది. మేస్త్రి గుడ్డతో ఆమె మూతి తుడిచాడు. ఆవిడ ఆయన మణికట్టు మీద చెయ్యి వేసి, "నిండుకుందండీ," అంది.

ఆయన మొహం వెలిగిపోయింది. కడుపు నిండిందనుకున్నాడు. "చూశావా, నేను చెప్పలా, మెల్లిగా తాగితే దిగుతుందని," అన్నాడు. కప్పు తీసుకుని గబగబా వరండాలోకి నడిచాడు. ఎదురొచ్చిన నర్సుతో, "ఇవాళ కడుపు నిండిందంది సిస్టరమ్మా," అని చెప్పాడు. గిన్నె కడిగితే ఎప్పుడూ జిడ్డు వదిలేసే మనిషి, ఆ పూట కప్పు రెండుసార్లు తోమాడు. సాయంత్రం జావ కాస్త చిక్కగా పంపమని అడగాలనుకున్నాడు.

తిరిగి వచ్చేసరికి ఆవిడ తల గుమ్మం వైపు తిరిగి ఉంది. చెయ్యి మంచం అంచు మీంచి కిందికి వేలాడుతోంది. పిలవకుండానే తెలిసిపోయింది. ఆ మాట అర్థం కూడా అప్పుడే తెలిసింది. ఇంత కాపురం చేసి, మళ్ళీ అదే మాటకి, మళ్ళీ అదే తప్పర్థం తీశాడు.

ఆయన్ని తొలిచేస్తున్నది అక్కడితో ఆగలేదు. చెప్పుల జతలో ఒకటి ఆయన చేతికొచ్చింది, రెండోది ఏమైందో తెలియదు. నిండుకుంది అన్నాక ఆవిడ స్తోత్రం అందా? ఆయన వెనక్కి తిరిగాక అని ఉండొచ్చు. అనబోయి, మనిషి పక్కన లేకపోతే ఆగిపోయి ఉండొచ్చు. లేకపోతే, అన్నిటికీ స్తోత్రం చెప్పిన ఆ నోటికి, ఆ ఒక్కదానికి మాత్రం రాలేదేమో. మంచినీళ్ళకి కూడా చెప్పిన మనిషికే రాకపోతే, తను అన్నం ముందు కూర్చుని ఏ మొహంతో చెప్పాలి?

*

అయ్యగారు ఇంటికి వచ్చాడు. మందిరానికి కొత్తగా వచ్చిన పాస్టరు, మేస్త్రి కూతురి కన్నా చిన్నవాడు. కుర్చీ చూపిస్తే కూర్చోకుండా, మేస్త్రి పక్కనే చాప మీద కూర్చున్నాడు.

"వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక అమ్మగారి ఆదరణ కూడిక పెట్టుకుందామండీ. పాటలూ వాక్యమూ మేం చూసుకుంటాం. కృతజ్ఞత ప్రార్థన ఒక్కటి మీరు చెయ్యాలి. ఆవిడ్ని ఇన్నేళ్ళు ఇచ్చినందుకు."

"నాకు ఆమేన్ తప్ప ఏమీ రాదండీ."

అయ్యగారు నవ్వాడు. మేస్త్రి నవ్వకపోవడం చూసి ఆపాడు.

"అయ్యగారూ, ఒకటడుగుతాను, తప్పుగా అనుకోకండి," అన్నాడు మేస్త్రి. "ఏ రోజుది ఆ రోజు అడగమంటారు కదా. నేనూ అలాగే అడిగాను. ఈ పూటకి ఉంచు, ఈ పూటకి ఉంచు అని. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, ఏడాదికి సరిపడా కలిపి అడిగుంటే?"

అయ్యగారు ఏదో చెప్పబోయి మానేశాడు. చివరికి, "నాకు తెలియదు మేస్త్రిగారూ," అన్నాడు.

తెలియదన్నందుకు మేస్త్రికి ఆ కుర్రాడి మీద గౌరవం కలిగింది. తెలిసినట్టు మాట్లాడేవాళ్ళు అప్పటికే చాలామంది వచ్చి వెళ్ళారు. రెండో ప్రశ్న, ఆవిడ ఆఖరి మాట సంగతి, ఆయన అడగలేదు. అది మనుషుల్ని అడిగేది కాదనిపించింది.

"ఆదివారం నోరు పెగిలితే చేస్తాను," అన్నాడు.

ఆదివారం పెగల్లేదు. పాటలయ్యాయి. ఆవిడ గురించి నలుగురు నాలుగు మంచి మాటలు చెప్పారు. మేస్త్రి లేచి ముందున్న బెంచీ వెనక భాగం రెండు చేతులా పట్టుకుని, కళ్ళు మూసుకుని, "ప్రభువా," అన్నాడు. ఆ తర్వాత ఏమీ లేదు. ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినిపించింది. ఎవరో దగ్గారు. వెనక వరసలో ఓ చిన్నపిల్ల, "అయిపోయిందా?" అని తల్లిని గట్టిగా అడిగింది, తల్లి దాని నోరు మూసింది. అయ్యగారు మెల్లగా తన గొంతు కలిపి ప్రార్థన పూర్తి చేశాడు. అందరూ ఆమేన్ అన్నారు. ఆ ఒక్క మాట వచ్చిన మేస్త్రి మాత్రం అనలేదు.

*

మనుషులు వెళ్ళాక కూతురు తండ్రి వెంట ఇంటికొచ్చింది. భర్తనీ పాపనీ ఇంటికి పంపేసి, చెప్పులు గుమ్మం బయట విడిచి నేరుగా వంటింట్లోకి నడిచింది.

"నువ్వెందుకమ్మా, ఇంటికెళ్ళు. క్యారేజీ తర్వాత పంపిద్దువు," అన్నాడు మేస్త్రి.

"క్యారేజీ పంపిస్తే వాచ్‌మన్ తింటాడు."

మేస్త్రి చాప దులపడం మొదలుపెట్టాడు.

"నాన్నా, నువ్వు గిన్నె కడిగితే అడుగున జిడ్డుంటుంది, అంచుకి మెతుకుంటుంది. ఈ నెల్లాళ్ళూ వచ్చిన క్యారేజీలో మొహం చూసుకోవచ్చు. ఆ మాత్రం తెలియదా నాకు? పాపం అతను వీధిలో కనబడితే కూరలో కారం తగ్గించమని కూడా చెప్తున్నాడు." ఆమె కొంగు నడుముకి దోపుకుంది. "ఇవాళ ఇక్కడే వండుతాను. నువ్వు తినేదాకా కదలను."

పొయ్యి వెలిగించి ఎసరు పెట్టింది. అటక కింద బియ్యం డబ్బా తీసి మూత తెరిచింది. ఆ డబ్బాని ఆస్పత్రికి వెళ్ళిన రోజుల నుంచి ఎవరూ పట్టించుకోలేదు. ఏమీ ఆలోచించకుండా, చిన్నప్పటి నుంచి చెవిలో పడ్డ అలవాటుతో, "నాన్నా, బియ్యం నిండుకున్నాయి," అంది.

అని, ఆగింది. ఆ మాట వెనక ఇంకో మాట రావాలి. ఆ ఇంట్లో ఎప్పుడూ వచ్చేది. ఇద్దరూ ఊపిరి బిగబట్టి దానికోసమే చూస్తున్నట్టు నిలబడిపోయారు. ఎసరు మరుగుతోంది.

మేస్త్రి వంటింటి గోడకి ఆనుకుని నేల మీద కూర్చున్నాడు. ఆ మధ్యాహ్నం సంగతి మొదట్నుంచీ చెప్పాడు. రెండు చెంచాలు తాగడం, మణికట్టు మీద చెయ్యి, ఆ మాట, కప్పు తోమడం. "రెండోది అందో లేదో తెలియదమ్మా. నేనే ఆగలేదు. కప్పు పట్టుకుని, గొప్ప పనున్నవాడిలా వెళ్ళిపోయాను," అన్నాడు.

కూతురు పొయ్యి కట్టేసి వచ్చి ఎదురుగా కూర్చుంది.

"అమ్మ ఆ మాట అందని చెప్పమంటే చెప్తాను నాన్నా. కానీ నేనక్కడ లేనుగా," అంది.

"చెప్పొద్దు."

"ఆ మాట అన్నప్పుడు నువ్వేం చేశావు?"

"చెప్పానుగా, కడుపు నిండిందనుకున్నాను. నవ్వాను."

"అమ్మ చూసిందా?"

మేస్త్రి గుర్తు తెచ్చుకున్నాడు. అంతవరకూ ఆయన ఆ మాటనే తిప్పి తిప్పి వింటున్నాడు గానీ, ఆవిడ మొహాన్ని మళ్ళీ చూడలేదు. "చూసింది," అన్నాడు. "చూస్తూనే ఉంది. నేను తప్పర్థం చేసుకున్నానని దానికి తెలిసిపోయింది. నన్ను దిద్దలేదు. పెదవి ఇలా ఓ పక్కకి వెళ్ళింది. డబ్బా బోర్లించిన రోజు మొదట అలాగే..."

కూతురు మోకాళ్ళ మీద తల పెట్టుకుని ఏడ్చింది. ఆయన ఆమె వీపు మీద చెయ్యి వేశాడు. ఓవెన్ వేడి చూసీ చూసీ గట్టిపడిన చెయ్యి.

కాసేపటికి ఆమె లేచి మొహం కడుక్కుంది. బియ్యం లేవు కాబట్టి, తండ్రి బేకరీ నుంచి తెచ్చి బల్ల మీద పడేసిన సంచీ వెతికింది. అందులో ఒక పక్కకి ఒరిగి, పైభాగం చిట్లిన రొట్టె ఉంది. ముక్కలు కోసి కంచాల్లో పెట్టి, రెండు గ్లాసుల్లో నీళ్ళు పోసి, తండ్రికి ఎదురుగా కూర్చుంది. తినమని అనలేదు.

మేస్త్రి కంచం ముందు కూర్చున్నాడు. ఇన్నాళ్ళకి కూర్చున్నాడు. చేతులు ఒళ్ళో పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు.

"బియ్యం నిండుకున్నాయి తండ్రీ," అన్నాడు. "ఇల్లు కూడా నిండుకుంది."

వీధిలో ఎవరిదో సైకిల్ బెల్లు మోగి, దూరమైంది.

"అది నీకు స్తోత్రం చెప్పిందో లేదో నాకు తెలియదు. నీకు తెలుసు. చెప్పకపోతే నేను కప్పు పట్టుకుని వెళ్ళిపోబట్టే. అందుకని దాని తరఫున నేను చెప్తున్నాను." పెదాలు రెండుసార్లు తెరుచుకుని మూసుకున్నాయి. "స్తోత్రం. నా తరఫున ఇంకా రావడం లేదు. వచ్చినప్పుడు చెప్తాను. ఈ రొట్టెకి మాత్రం చెప్తున్నాను."

కళ్ళు తెరవలేదు. ఎవరో ఒకరు ముగిస్తారని చూశాడు. కూతురు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చుంది. అప్పుడు గుర్తొచ్చింది ఆయనకి, ఆ పని ఎప్పుడూ తనదేనని.

"ఆమేన్," అన్నాడు.

ఇద్దరూ తిన్నారు. రొట్టె గట్టిపడింది, నీళ్ళలో ముంచుకుని తిన్నారు. మధ్యలో ఒకసారి ఆయన చెయ్యి అలవాటుగా పక్కకి వెళ్ళి, నీళ్ళ గ్లాసు ఎవరూ లేని వైపు జరిపింది. కూతురు చూసి చూడనట్టు ఊరుకుంది. ఆయనే మళ్ళీ దాన్ని తన వైపు లాక్కున్నాడు.

కంచాలు తీశాక ఆయన లేచి, తలుపు వెనక మేకుకి వేలాడుతున్న సరుకుల సంచీ అందుకున్నాడు. ఎండ తగ్గింది, కొట్టు తెరిచే ఉంటుంది. గుమ్మం దగ్గర చెప్పుల్లో కాళ్ళు పెట్టి నిలబడిపోయాడు. ఎప్పుడు ఏం తేవాలో, ఎంత తేవాలో గుమ్మం దాకా వచ్చి చెప్పే మనిషి లేక, ఎంత అడగాలో తెలియలేదు.

"ఒక్కడికి ఎంత పడతాయమ్మా బియ్యం?" అన్నాడు వెనక్కి తిరక్కుండా.

కూతురు వంటింటి గుమ్మం పట్టుకుని నిలబడింది. "నెలకి సరిపడా తెచ్చేసుకో నాన్నా, మాటిమాటికీ తిరగలేవు," అంది.

మేస్త్రి సంచీ మడిచి చంకలో పెట్టుకున్నాడు.

"అంతొద్దులే," అన్నాడు. "మళ్ళీ నిండుకోవాలి కదా."